గోడ దాకా వెళ్ళిన పెట్టె

ఆ వానాకాలం మా ఇంట్లో దొంగ ఉన్నాడని మా మామగారు తేల్చారు. ఏ వస్తువూ పోలేదు. పోలేదు కనకనే ఆయన అనుమానం మరీ ముదిరింది. మేడమీద గదిలో ఆయన కట్టుకున్న బొమ్మ రైలు ఊళ్ళో, స్టేషను పక్కన ఆగి ఉండాల్సిన బొటనవేలంత గూడ్సు పెట్టె ఒకటి, ఓ పొద్దున వెళ్ళి చూసేసరికి పట్టాల చివర గిడ్డంగి దగ్గర కనిపించింది. బయటి దొంగ అయితే ఎత్తుకుపోతాడు గానీ జరిపిపెట్టి పోడు. కాబట్టి దొంగ ఇంటి మనిషే. ఇంట్లో ఉన్నది నలుగురం: ఆయన, మా అత్తగారు, మా ఆయన, నేను. తనను తాను తీసేసుకుంటే ఇక మిగిలింది మేమే.

మామగారు లిఫ్టు మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. బతుకంతా జనాన్ని పైకీ కిందికీ తిప్పాను, ఇక అడ్డంగా తిప్పుతాను అని చెప్పి రైళ్ళు మొదలుపెట్టారు. మేడమీద గదిలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక పెద్ద బల్ల. దాని ముందు కాళ్ళు నేలమీద ఉండేవి, వెనక అంచు మాత్రం గోడలోకి దిగ్గొట్టిన ఇనుప కమ్ముల మీద కూర్చునేది. ముందువైపు స్టేషను, సిగ్నళ్ళు, నాలుగిళ్ళు. అక్కడినుంచి ఒక చిన్న లైను వెనక్కి వెళ్ళి గోడ పక్కనున్న గిడ్డంగి దగ్గర ఆగిపోతుంది. గిడ్డంగి వెనక నీలం కొండలు. అవి అట్టమీద వేసి నిలబెట్టినవి కాదు, ఏకంగా గోడమీదే రంగులతో వేశారు. రసమట్టం ఎక్కడ పెట్టినా అందులో బుడగ నడిమధ్యన నిలబడుతుందని ఆయన గొప్ప. లిఫ్టు గడప అంగుళం దిగితే మనిషి బోర్లా పడతాడు కదా, అంచేత అంతా సమానంగా ఉండటమనేది ఆయనకు భక్తి లాంటిది.

ఆ గది మీద మా అత్తగారికి ఎప్పటినుంచో కన్ను. ఆవిడ ఇంట్లోనే కుట్టుపని చేసేవారు. బడిపిల్లల యూనిఫారాలు, దిండు గలేబులు. మిషను సరిగ్గా ఆ గది కిందనే ఉన్న చిన్న గదిలో ఉండేది. అక్కడ వానాకాలంలో సూదిలో దారం ఎక్కించాలన్నా దీపం వెయ్యాలి. మేడమీదేమో పెద్ద కిటికీ, కావలసినంత వెలుతురు. ప్రాణం లేని రైళ్ళకి అంత వెలుతురు, కళ్ళున్నదాన్ని నాకు గుడ్డిదీపం అని ఆవిడ సమయం దొరికినప్పుడల్లా దెప్పేవారు. అందుకే పెట్టె జరిగిందనగానే మామగారి చూపు ఎటు తిరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

మధ్యలో నేనెందుకు ఇరుక్కున్నానంటే, నాది ఫోటోలు తీసే ఉద్యోగం. కుళాయిలు, తలుపు గొళ్ళాలు, చెప్పులు, ఇలాంటివాటికి కంపెనీల కేటలాగుల కోసం ఫోటోలు తీస్తాను. బొమ్మ రైళ్ళు కట్టేవాళ్ళ సంఘం ఒకటుంది, అది ఏటా కేలండరు వేస్తుంది. ఫోటో పంపాలంటే వాళ్ళది ఒకటే షరతు: దగ్గరున్న గులకరాయి నుంచి దూరాన ఉన్న కొండ దాకా అన్నీ స్పష్టంగా కనపడాలి. సగం మసకగా ఉంటే అది బొమ్మని పసివాడికి కూడా తెలిసిపోతుంది. అంతా తేటగా ఉంటేనే నిజం ఊరనిపిస్తుంది. ఆ కేలండర్లో ఒక్క నెలయినా తన ఊరు వేలాడాలని మామగారి కోరిక. ఇంట్లో ఫోటోలు తీసే కోడలు ఉన్నందుకు ఆ మాత్రం లాభం ఉండొద్దా అని ఆయన వాదన.

చెప్పినంత తేలిక కాదది. చిన్న వస్తువుకి దగ్గరగా వెళ్ళేకొద్దీ కెమెరా మొండికేస్తుంది. స్టేషను మాస్టరు మీసం పట్టుకుంటే గిడ్డంగి మంచులో కలిసిపోతుంది, గిడ్డంగిని పట్టుకుంటే మాస్టరు మాయం. లెన్సులో కన్నం చిన్నది చేస్తే కొంత నయం, కానీ అప్పుడు వెలుతురు చాలక కెమెరా చాలాసేపు కన్ను తెరుచుకుని కూర్చోవాలి. మరీ చిన్నది చేశామా, ఎక్కడా పదును లేకుండా అంతా మెత్తబడిపోతుంది. అందుకని నేను ముందునుంచి వెనక్కి ఫోకస్ కొంచెం కొంచెం జరుపుకుంటూ వరసగా ఫోటోలు తీసి, ఒక్కోదానిలో స్పష్టంగా వచ్చిన భాగాన్ని కంప్యూటర్లో కలిపి ఒకే ఫోటో చేసేదాన్ని. ఆ పని నడుస్తున్నంతసేపూ గదిలో ఎవరూ తుమ్మకూడదు. మళ్ళీ తీయాల్సివస్తే స్టాండు కాళ్ళు అదేచోట ఉండాలని నేలమీద రంగు టేపు అంటించి పెట్టుకున్నాను.

పెట్టె గొడవ వచ్చిన మధ్యాహ్నమే, దాన్ని దాని చోట పెట్టించి, మొదటి ఫోటో తీశాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూపిస్తే మామగారు పొంగిపోయారు. మాస్టరు చొక్కా గుండీలు కనిపిస్తున్నాయి. గిడ్డంగి తలుపు మీద ఆయన గీసిన తుప్పు కనిపిస్తోంది. గిడ్డంగి కప్పుకి పైన కొండలు, కొండల మొదట్లో ఆయన సన్నటి కుంచెతో వేసిన చెట్ల బారు, అంతా చక్కగా వచ్చింది. అలా ఒక్కొక్కటీ మురిసిపోతూ చూస్తున్న ఆయన వేలు ఒకచోట ఆగింది.

"ఇదేంటమ్మాయ్?"

గిడ్డంగి ముందు, పట్టాల పక్కన, ఎర్రటి మోకు లాంటిది పడి ఉంది. మామూలుగా కంటికి ఆనని దారప్పోగు ఫోటోలో కొండచిలువంత అయింది.

"దారం, మామయ్యా."

"దారమని నాకూ తెలుసు. గోడ దాకా ఎలా వచ్చింది?"

అత్తగారికి కబురు వెళ్ళింది. ఆవిడ మెట్లెక్కి వచ్చి, ఫోటో వంక చూసి, చటుక్కున తన భుజాలు దులుపుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారే, అచ్చం అలాగే. వెంటనే తమాయించుకుని, నా దారాలు ఇల్లంతా తిరుగుతాయి, మొన్న మీ జేబులోంచి కూడా మీరే ఒకటి తీశారు, అది కూడా నేనే దాచానా అని అడిగారు. మాట గట్టిదే. కానీ ఎప్పుడూ ఉండే పదును అందులో లేదు, ఆవిడ నా వైపు చూడనూలేదు. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయాక నాక్కూడా మనసులో పురుగు తొలవడం మొదలైంది.

మర్నాడు ఆ గదికి తాళం పడింది. ఒక తాళంచెవి మామగారి మొలతాడుకి, ఇంకొకటి ఫోటోల కోసమని నాకు. కొన్నాళ్ళు గడిచాయి. మళ్ళీ ఒక పొద్దున పెట్టె గిడ్డంగి దగ్గర ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. అంటే తాళంచెవి ఉన్నవాళ్ళ పనేనన్నమాట. మామగారు నన్నేమీ అనలేదు గానీ, "మీ అత్తా నువ్వూ ఈమధ్య బాగానే ఉంటున్నారే" అన్నారు. అత్తాకోడళ్ళు బాగుండటం కూడా నేరమైన ఇల్లు ఇంకెక్కడైనా ఉంటుందా అని నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చాక ఆయన్నీ అడిగారు. నిజం రైలు ఎక్కడానికే నాకు తీరిక లేదు, నీ బొమ్మ రైలు తొయ్యడానికి ఎక్కడినుంచి వస్తుంది నాన్నా అని ఆయన దుప్పటి ముసుగు పెట్టేశారు.

నీ కెమెరానే కాపలా పెట్టొచ్చు కదా అన్నారు మామగారు ఒకరోజు. రాత్రి చీకట్లో వీడియో పడదు, ఫోటోకి పెట్టినా లాభం లేదని నేను చూపించాను. లెన్సు కన్నం బాగా చిన్నది చేసి, కెమెరా చాలాసేపు కన్ను తెరుచుకుని ఉండేలా పెట్టి, మా ఆయన్ని దాని ముందునుంచి ఈ గోడకీ ఆ గోడకీ నడవమన్నాను. ఫోటోలో స్టేషను ఉంది, గిడ్డంగి ఉంది, కొండలున్నాయి. మనిషి లేడు. ఒకచోట నిలబడనివాణ్ణి అది పట్టుకోలేదు, మామయ్యా అని చెప్పాను. ఆయన ఆ ఫోటో వంకా, కొడుకు వంకా మార్చి మార్చి చూశారు. ఆ రోజునుంచి ఆయనకి నా కెమెరా మీద కూడా నమ్మకం పోయింది.

ఇంతలో వానలు బలిశాయి. పక్క స్థలంలో వానలకి ముందునుంచీ ఒక కాంట్రాక్టరు పెద్ద భవనం కడుతున్నాడు. కార్లు పెట్టుకోవడానికి నేలకింద గది కావాలని మా గోడ పక్కగా లోతుగా తవ్విస్తున్నాడు. యంత్రం కదిలితే మా గిన్నెలు గలగలమనేవి. మనిషి మాత్రం మహా మర్యాద. చప్పుడుకి క్షమించండి అంటూ తనే ఒకసారి ఇంటికి వచ్చాడు. మేడమీద రైళ్ళ లేఅవుట్ ఉందటగా, ఎన్ని గజాల ప్లాట్లు అని అడిగి మా అందరినీ నవ్వించాడు కూడా. మామగారు సరదాపడి పైకి తీసుకెళ్ళి రైలు నడిపి చూపించారు. బండి స్టేషను దాటి, వంతెన ఎక్కి, కూతవేసి వచ్చినా కాంట్రాక్టరు రైలు వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ నిలబడి, పాత ఇళ్ళ గోడలు గట్టివండీ అని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళ బొమ్మలాట చూసి విసుగు పుట్టిందేమో పాపం అనుకున్నాను. లోకంలో అందర్నీ అనుమానించే మా ఇంట్లో ఆ ఒక్క మనిషిని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

పెట్టె మూడోసారి గోడ దగ్గరికి చేరినప్పుడు మామగారు రసమట్టం తీశారు. బుడగ మధ్యలో లేదు, స్టేషను వైపుకి జరిగి ఉంది. అంటే వెనక అంచు దిగింది. దానికీ ఆయన దగ్గర కారణం సిద్ధంగానే ఉంది. వానలకి బట్టలు ఆరక మీ అత్త తడిబట్టల మోపు తెచ్చి బల్లమీద పడేస్తోంది, ఆ బరువుకి కమ్ములు వంగాయి అన్నారు. చెప్పుల పెట్టెల అట్టలు కత్తిరించి, కమ్ములకీ బల్లకీ మధ్య దూర్చి, బుడగని మధ్యకి తెచ్చారు. వారం తిరక్కుండా ఇంకో అట్ట. తర్వాత మరొకటి. ఒకదానిమీద ఒకటి రకరకాల రంగుల అట్టలు పేరుకుపోతుంటే నేను కళ్ళారా చూస్తూనే ఉన్నాను. గోరంత దాన్ని కొండంత చేస్తున్నాడు ముసలాయన అని విసుక్కున్నానే తప్ప, కాస్త ఆగి ఆలోచించలేదు.

కింద అత్తగారి గదిలో ఇంకో కథ నడుస్తోంది. ఆవిడ మిషను సొరుగు మూసి వెళ్ళినా తిరిగి వచ్చేసరికి తెరుచుకుని ఉంటోందట. కిటికీ రెక్క ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు సరిగ్గా మూసుకోవడం లేదట. ఆవిడ నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి చెప్పారు.

"మీ మామయ్య నా సొరుగు వెతుకుతున్నారు. దారాలు చూసుకోవడానికి. ఆ కిటికీ కూడా ఆయనే ఏదో చేశారు, ఎప్పుడంటే అప్పుడు తొంగిచూడొచ్చని."

మామయ్య అలాంటివారు కాదని అన్నాను. కానీ అనేటప్పుడు నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం మాకు పైన ఒకటి, కింద ఒకటి ఉండేది, నేను అడకత్తెరలో పోకచెక్కనై ఆ రెంటి మధ్య మెట్లెక్కుతూ దిగుతూ ఉండేదాన్ని.

వాళ్ళిద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఎదురెదురుగా కూర్చుని కూడా, మీ అత్తని ఉప్పు ఇటు జరపమను, మీ మామయ్యకి కాళ్ళు లేవేమో అడుగు, అని నా మీదుగా నడిచేది సంసారం. చిలికి చిలికి గాలివాన అయి, ఒకరోజు మామగారు దొంగలున్న గదిలో నాకు నిద్ర పట్టదు అనేశారు. ఆ మాటకి అత్తగారు చటుక్కున లేచారు. తన మంచం తనే ఈడ్చుకుంటూ మిషను గదిలోకి తీసుకుపోయి, గోడ వారగా వేసుకున్నారు. ఆ సాయంత్రం గలేబు అంచు మడుస్తూ నాతో చెప్పారు.

"ఈ బడిబట్టలు అయిపోగానే మా అక్క దగ్గరికి పోతానమ్మా. తిరిగి రాను. ఇంతకాలం కాపురం చేసి దొంగననిపించుకుని ఉండలేను."

బెదిరింపుకి చెప్పిన మాట కాదు. గూట్లోంచి తన బట్టలు అప్పటికే సగం తీసి సంచిలో సర్దేశారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆవిడ లేని ఆ ఇల్లు నేను ఊహించుకోలేను. పోనీ మామగారి కాళ్ళమీద పడి ఆవిడ నిర్దోషి అని చెబుదామంటే, ఆ రోజు ఆవిడ భుజాలు దులుపుకోవడం నా కళ్ళముందు కదిలేది. నమ్మకంగా చెప్పలేని సాక్షి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కేలండరుకి ఫోటో పంపే గడువు దగ్గరపడింది. ఆ ఆదివారం వాన కాసేపు తెరిపిచ్చింది. పక్కన యంత్రం కూడా ఆగింది. మామగారూ నేనూ పైకి వెళ్ళాం. స్టాండు కాళ్ళు టేపు గుర్తుల మీద పెట్టాను. ఆయన మెత్తటి కుంచెతో పట్టాలమీద దుమ్ము దులిపి, దారాలేమైనా ఉన్నాయేమోనని భూతద్దం పెట్టి మరీ వెతికారు. ముందున్న గులకరాళ్ళతో మొదలుపెట్టి మాస్టరు, సిగ్నలు, గిడ్డంగి, కొండల దాకా వరసగా తీసుకుంటూ పోయి, కలిపి చూశాను. ఇంత బాగా ఇంతకుముందెప్పుడూ రాలేదు. దారం లేదని ఆయనకి రుజువు చూపిద్దామని మొదటి ఫోటో కూడా తెరిచి రెంటినీ పక్కపక్కన పెట్టాను.

దారం లేదు. మాస్టరు అక్కడే ఉన్నాడు. సిగ్నలూ, గిడ్డంగీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కానీ ఏదో తేడా ఉంది. మొదటి ఫోటోలో గిడ్డంగి కప్పు పైన చెట్ల బారు ఉంది. ఇప్పుడు లేదు. కొండల నడుములు నేరుగా కప్పులోంచి మొలిచినట్టున్నాయి.

ముందు నా స్టాండునే అనుమానించాను. వంగి చూస్తే కాళ్ళు గుర్తులమీదే ఉన్నాయి. తర్వాత ఆయన్ని అనుమానించాను.

"మామయ్యా, కొండలు మళ్ళీ వేశారా?"

"లేదే. ఏం?"

"చెట్లు కనపడటం లేదు. కొండలు కిందికి దిగాయి."

ఆయన నవ్వబోయి, తెర దగ్గరికి వంగి చూశారు. చాలాసేపు చూశారు. అంతకుముందు మామూలుగా తీసిన ఫోటోల్లో కొండలు ఎప్పుడూ నీలం మసకే. అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క ఆకూ లెక్కపెట్టుకోవచ్చు, అందుకే లేని చెట్లు కనిపించాయి. ఆయన లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, గిడ్డంగి వెనక్కి వేలు పోనిచ్చి తడిమారు. చెట్లు అక్కడే ఉన్నాయి, కప్పు వెనక, కిందికి. తర్వాత రసమట్టం తీసుకుని ఈసారి పట్టాలమీద పెట్టలేదు. గోడ పక్కన నేలమీద పెట్టారు. తర్వాత కిటికీ గట్టుమీద పెట్టారు. రెండుచోట్లా బుడగ మధ్యలో లేదు. తాను దూర్చిన అట్టల దొంతరని బొటనవేలితో కొలిచి చూసుకున్నారు.

కింద కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

"అది అక్కడే కూర్చుందా?" అన్నారు.

నేను మెట్లు దిగేసరికి అత్తగారి గది లోపల గడియ పెట్టి ఉంది. ఒకసారి బయటికి రమ్మన్నాను. ఎందుకన్నారు. ఊరికే అన్నాను. ఊరికే ఎవరూ పిలవరు, ఆయన పంపించారా అని అడిగారు. గోడ దిగుతోందత్తయ్యా, మీ మంచం దానికే ఆనుకుని ఉంది అని నేను తలుపుకి నోరు ఆనించి చెప్పాను. మిషను ఆగలేదు.

"ఇన్నాళ్ళూ దొంగని చేశారు. ఇప్పుడు గోడ పేరు చెప్పి రప్పించి నా సంచి వెతుకుతారా? వెళ్ళమ్మా. ఆయనకి ఈ గది కూడా కావాలేమో, నేను పోయాక తీసుకోమను."

ఈలోగా మామగారు వచ్చి నా వెనక నిలబడ్డారు. ఎన్నాళ్ళుగానో ఆ తలుపు వైపు చూడని మనిషి. ఆయన చెయ్యి తలుపు మీద వేశారు గానీ కొట్టలేదు.

"నువ్వు కాదే," అన్నారు. "గోడ."

మిషను ఆగింది.

"పెట్టె జరిపింది నువ్వు కాదు. గోడ దిగి బల్ల వాలింది, అదే దొర్లింది. నాకిప్పుడు తెలిసింది. బయటికి రా."

లోపల ఎంతసేపటికీ చప్పుడు లేదు. అంత మాట ఆయన నోట వచ్చాక ఆవిడ ఎందుకు ఆలస్యం చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. చివరికి గడియ తీసిన శబ్దమైంది, తలుపు మాత్రం రాలేదు. ద్వారబంధం బిగుసుకుపోయింది. మామగారూ నేనూ భుజాలు పెట్టి తోశాం. ఆవిడ లోపలినుంచి లాగారు. తలుపు సందు ఇచ్చాక పక్కకి తిరిగి, బట్టల సంచి ముందు పెట్టుకుని బయటపడ్డారు. ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని వీధి గుమ్మం దాకా వదల్లేదు.

మా ఆయన పరుగెత్తి వెళ్ళి మునిసిపాలిటీ ఇంజనీరుని ఇంటినుంచి తీసుకొచ్చారు. ఆయన తొంగిచూసి, గోడమీద సుద్దతో ఒక గుర్తు పెట్టి, వెంటనే ఖాళీ చెయ్యమన్నాడు. సామాను వీధిలోకి చేరవేస్తుండగా వాన మళ్ళీ అందుకుంది. మర్నాడు పొద్దున మేమందరం వీధిలో నిలబడి ఉండగానే ఆ గోడ మోకాళ్ళమీద కూలబడినట్టు కూలిపోయింది. దుమ్ము అణిగాక చూస్తే, అత్తగారి మంచం నడుము విరిగి ఉంది. దానిమీద నీలం రంగు ఇటుకలు, అక్కడక్కడా పచ్చటి చెట్లు.

మీ గోడ మొదటినుంచీ అలాగే ఉందని కాంట్రాక్టరు దబాయించబోయాడు. మొదటి ఫోటో, చివరి ఫోటో ముందు పెట్టేసరికి ఆయన మర్యాదా, గొంతూ రెండూ తగ్గాయి. గోడ కట్టించి ఇచ్చేదాకా మమ్మల్ని నాలుగు వీధుల అవతల ఒక అద్దె ఇంట్లో ఉంచాడు. కేలండరు మాట ఆ ఏడు ఎవరూ ఎత్తలేదు.

అద్దె ఇంట్లో అందరికీ కలిపి ఒకే పెద్ద గది. మంచాలు వేసుకోవాలన్నా, మిషను వేసుకోవాలన్నా అక్కడే. అత్తగారు అక్క ఊసు ఎత్తలేదు గానీ సంచి కూడా విప్పలేదు. మామగారు ఆవిడతో మర్యాదగా, చుట్టాలింటికి వచ్చినవాడిలా మాట్లాడేవారు. ఒక మధ్యాహ్నం ఆయన పెట్టెలు తెరిచి, మిగిలిన రైళ్ళని గుడ్డతో తుడుస్తున్నారు. ఆ గూడ్సు పెట్టె చేతిలోకి వచ్చినప్పుడు, ఎదురుగా గుండీలు కుడుతున్న అత్తగారు సూది ఆపారు.

"మొదటిసారి నేనే," అన్నారు.

మామగారు తలెత్తారు.

"కిటికీ దగ్గర మిషను పడుతుందో లేదో చూద్దామని పైకి వచ్చాను. అది ముందర ఉంది. ఊరికే తోశాను. మీరు అంతలా చూసుకుంటారు కదా, ఎలా ఉంటుందోనని."

దొంగ దొరికింది. ఇన్నాళ్ళు వెతికిన దొంగ ఎదురుగా కూర్చుని ఒప్పుకుంటోంది. ఆయన పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎంత గట్టిగా తోశావు?"

"గట్టిగా ఏం లేదు. గోటితో."

"ఎంత దూరం పోయింది?"

"గోడ దాకా. ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. భయమేసి దిగి వచ్చేశాను."

ఆయన కళ్ళు మూసుకున్నారు. అప్పుడు నాకూ తెలిసింది. సమానంగా ఉన్న పట్టాలమీద గోటితో తోసిన పెట్టె జానెడు దూరం పోతే గొప్ప. ఆ పొద్దున ఆవిడ ఈ రెండు ముక్కలూ చెప్పి ఉంటే, అడ్డంగా తిరిగే రైలు సంగతి ఎలా ఉన్నా, గడప దిగితే ఏమవుతుందో తెలిసిన మనిషి అక్కడికక్కడే నేలమీద రసమట్టం పెట్టేవారు. గోడ కింద ఆవిడ ఒక్క పూట కూడా పడుకునేవారు కాదు. కానీ ఆయన ఎవరు తోశారనే అడిగారు, అదీ పోలీసువాడిలా. అలా అడిగితే ఎవరు మాత్రం చెబుతారు? నాకు వాళ్ళిద్దరిమీదా ఎంత కోపం వచ్చిందో అంత జాలీ వేసింది.

మామగారు పెట్టెలోంచి బారెడు పట్టా ఒకటి తీశారు. గది మధ్యలో నేలమీద పరిచి, దానిమీద గూడ్సు పెట్టెని నిలబెట్టారు.

"తొయ్యి," అన్నారు.

అత్తగారు అనుమానంగా చూశారు. "ఎందుకు?"

"తొయ్యవే."

ఆవిడ ఒళ్ళో బట్టలు పక్కన పెట్టి, ముందుకి వంగి, గోటితో చిన్నగా తోశారు. పెట్టె జానెడు దూరం వెళ్ళి నిలబడిపోయింది.

"ఆగింది," అన్నారు మామగారు.

అత్తగారు నమ్మలేదు. ఇంకోసారి తోశారు.